అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే

2024 ఏప్రిల్‌లో, టీవీలో వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు పోయారని తెలిసిన రోజు రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయన గొంతు తలుచుకుంటే నీకేం గుర్తొస్తుందే అన్నాడు, వంకాయ కూర అన్నాను, నాకూ అదేనే అన్నాడు. దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయ్యే టైముకే మా తెనాలి ఇంట్లో కంచాలు పెట్టేవాళ్ళు. వార్తలయ్యేదాకా నాన్న ముందు ఎవరూ నోరు మెదపకూడదు. టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో ఆయన వార్తలన్నీ బట్టీ పట్టి చెప్పేవారని పెద్దయ్యాక తెలిసింది, అంత తాపీగా ఎలా చదివేవారో ఆ మనిషి!

టీవీ మా ఇంటికి 1987 ఎండాకాలంలో వచ్చింది. రామాయణం ఆ జనవరిలోనే మొదలైంది, ప్రతి ఆదివారం పక్కింటికి వెళ్ళి కూర్చోవడం నాయనమ్మకి నచ్చక నాన్న చిట్టీ పాడి మరీ కొన్నాడు. ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. ఇక అక్కణ్ణుంచి పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా ముందు గది చాపల మీద వీధి వీధంతా ఉండేది. నాయనమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు, అయినా అందరికీ ఆవిడే చెప్పేది, ఇదిగో ఇప్పుడు మారీచుడొస్తాడు చూడండి అని, నిజంగానే వచ్చేవాడు, పిల్లలంతా ఆవిడ మొహంకేసి ఒకసారి టీవీకేసి ఒకసారి చూసేవాళ్ళం. గాలొస్తే చాలు యాంటెన్నా తిరిగిపోయేది. నాన్న డాబా ఎక్కి తిప్పుతుంటే అన్నయ్య మెట్ల మీద, నేను కిటికీ దగ్గర, అమ్మ టీవీ ముందు, వచ్చిందా, రాలేదు, ఇప్పుడో, ఆ వచ్చింది వచ్చింది, అయ్యో పోయింది... ఆ కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

అంతకుముందంతా రేడియోనే. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో లేచేవాళ్ళం. 6.55కి సంస్కృత వార్తలు, "ఇయం ఆకాశవాణీ" అని వినపడేసరికి నా స్నానం అయిపోయి ఉండాలి, లేకపోతే జడలు వేసే టైం లేదని అమ్మ గొడవ. గోడ గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

నాన్నకి పాటల పిచ్చి. రికార్డింగ్ షాపుకి లిస్టు రాసిస్తే క్యాసెట్ నింపి ఇచ్చేవాళ్ళు కానీ దానికి డబ్బులవుతాయి కదా, అందుకని శుక్రవారం టీవీలో సినిమా పాటల చిత్రలహరి రాగానే టూ ఇన్ వన్ టేప్ రికార్డర్ తెచ్చి టీవీ స్పీకర్ పక్కన స్టూలు మీద పెట్టి ప్లే, రికార్డు రెండు బటన్లూ కలిపి నొక్కేవాడు. ఆ అరగంట ఇంట్లో ఫ్యాన్ కూడా ఉండదు, గాలి శబ్దం పడుతుందని. చెమటలు కారుతున్నా కదలకుండా కూర్చునేవాళ్ళం, తుమ్మొస్తే పరిగెత్తి దొడ్లోకి పోవాలి. ఒకసారి నాన్న ఎన్నో వారాలుగా ఎదురుచూస్తున్న పాట వచ్చింది, రెండో చరణం మొదలైంది, సరిగ్గా అప్పుడు వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే" అంది. అమ్మ గాజుల చప్పుడు, నాన్న "అబ్బా, అమ్మా!" అనడం, అన్నీ టేపులో పడిపోయాయి. ఆ రాత్రి నాన్న భోజనం దగ్గర కూడా నాయనమ్మతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం పాలు పోతే పొద్దున కాఫీకి ఎట్లారా అని రెండు మూడుసార్లు అడిగింది, చాలా మెల్లిగా. నాకు అదే బాగా గుర్తుండిపోయింది.

ఆ పాట మళ్ళీ దొరకలేదని నాన్న ఆ క్యాసెట్ చెరపలేదు. వింటూ వింటూ మా అందరికీ ఆ మాట పాటలో భాగమైపోయింది, ఇప్పుడు ఎక్కడైనా అసలు పాట వస్తే రెండో చరణం దగ్గర ఏదో తగ్గినట్టే ఉంటుంది నాకు. తర్వాత 1995లో ఈటీవీ వచ్చింది, కేబుల్ పెట్టించాం, పాటల కోసం శుక్రవారం దాకా ఆగే పని పోయింది. క్యాసెట్లు అట్టపెట్టెలో అటక ఎక్కాయి. నాయనమ్మ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆవిడ ఫోటోలు నాలుగైదు ఉన్నాయి కానీ గొంతు?

అన్నయ్య ఫోన్ పెట్టేశాక ఇదే ఆలోచన. తర్వాతి నెల తెనాలి వెళ్ళి అటక దించితే పెట్టె ఉంది, టేపు కొంచెం బూజు పట్టింది, టూ ఇన్ వన్ బెల్టు సాగిపోయింది. హైదరాబాద్ తెచ్చి క్యాసెట్లు ఫోన్‌లోకి ఎక్కించే ఒకాయనకి ఇచ్చాను. ఒక వైపే వచ్చింది, అదృష్టం కొద్దీ మాకు కావలసిన వైపే.

నాన్నకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. హెడ్‌ఫోన్స్ పెట్టి సౌండ్ బాగా పెంచి వినిపించాను. పాట మొదలవగానే వేళ్ళతో తాళం వేస్తున్నాడు, రెండో చరణం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిప్పమ్మా అన్నాడు. తిప్పాను. మళ్ళీ అన్నాడు. పాట మొత్తం పెట్టనా నాన్నా అంటే వద్దు, అమ్మ మాట దగ్గర్నుంచే పెట్టు అన్నాడు.