బయటికి వచ్చేసిన మాయను మళ్ళీ మింగడమెందుకు?

నా రెండవ కాన్పు అయిన కాసేపటికి నర్సు మాయను, అంటే కడుపులో బిడ్డను పోషించి కాన్పు తరువాత బయటపడే అవయవాన్ని, స్టీలు ట్రేలో వేసి, తొడుగులు వేసుకున్న చేతులతో అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఏం వెతుకుతున్నారని అడిగాను. మాయలోని ముదురెరుపు తమ్మెలన్నీ (భాగాలన్నీ) సరిగ్గా అమరుతున్నాయో, లేక ముక్క ఏదైనా కడుపులోనే ఉండిపోయిందో చూస్తున్నానని చెప్పి, బొడ్డుతాడు తెగిన చోట రెండు సన్నని ధమనులనూ, ఒక వెడల్పాటి సిరనూ కూడా చూపించారామె. సుమారు అర కిలో తూగే ఆ అవయవాన్ని తినవచ్చన్న ఊహ అప్పుడు నాకు రానే లేదు.

ఈ మధ్య నెలలు నిండిన ఒక స్నేహితురాలు, మాయను ఆవిరి పట్టి, ఎండబెట్టి, పొడి కొట్టి క్యాప్సూళ్ళలో నింపి ఇచ్చేవారున్నారట, వాటిని మింగితే పాలు బాగా పడతాయట, కాన్పు తరువాతి దిగులు రాదట, నువ్వేమంటావని అడిగింది. వద్దన్నాను. జంతువులన్నీ తింటున్నాయి కదా అన్నది ఆమె వాదన. ఒంటెలనూ, సముద్రంలో ఉండే తిమింగలాల వంటివాటినీ మినహాయిస్తే క్షీరదాల్లో చాలా మటుకు తింటాయన్నది నిజమే. కానీ 2010లో అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 179 మానవ సమాజాల వివరాలను గాలించినా, తల్లి తన మాయను తానే తినే ఆచారం స్థిరంగా ఉన్న సమాజం ఒక్కటీ కనబడలేదు. చైనా వైద్యంలో ఎండు మాయ శతాబ్దాలుగా మందే అయినా, అది ప్రధానంగా నీరసించిన ఇతర రోగులకు ఇచ్చినది. దానిని కూడా 2015 నాటి అధికారిక ఔషధ గ్రంథంలోంచి తొలగించారు. చాలా జాతుల వారు మాయను పాతిపెడతారు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో నేలకూ, మాయకూ ఒకటే మాట, ఫెనువా. ఆ మాట నాకెంతో నచ్చింది.

పాల సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. గర్భంతో ఉన్నంతకాలం మాయ తయారుచేసే ప్రొజెస్టెరాన్ హార్మోనే పాలు ఊరకుండా ఆపి ఉంచుతుంది. మాయ పడిపోయి ఆ హార్మోన్ ఒక్కసారిగా తగ్గిన తరువాతనే, రెండు మూడు రోజులకు రొమ్ములు నిండుతాయి. లోపల ముక్క మిగిలిపోతే రక్తస్రావపు ప్రమాదానికి తోడు పాలు పడడం కూడా ఆలస్యం కావచ్చు. నర్సు తమ్మెలను అంత శ్రద్ధగా చూడడంలో ఈ అర్థం కూడా ఉంది. అలాంటిదానిని పాల కోసమే మింగడం నాకు తలకిందుల లెక్కగా తోస్తుంది. ఆ నెవాడా పరిశోధకులే తరువాత కొందరు తల్లులకు మాయ క్యాప్సూళ్ళనూ, మరికొందరికి గొడ్డుమాంసపు పొడి నింపిన క్యాప్సూళ్ళనూ, ఏవి ఏవో చెప్పకుండా ఇచ్చి చూశారు. 23 మందిలో ఇనుము స్థాయిలోనూ, 27 మందిలో మనఃస్థితిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇవి చిన్న అధ్యయనాలేనని ఒప్పుకుంటాను.

ప్రమాదం మాత్రం ఊహించి చెబుతున్నది కాదు. 2016లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఒక శిశువుకు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలో చేరింది. చికిత్సతో కోలుకుని ఇంటికి వెళ్ళిన కొద్ది రోజులకే మళ్ళీ అదే జబ్బు తిరగబెట్టింది. తల్లి రోజుకు మూడుసార్లు, రెండేసి చొప్పున తన మాయ క్యాప్సూళ్ళను మింగుతోందని అప్పుడు తెలిసింది. వాటిని పరీక్షిస్తే అదే బ్యాక్టీరియా దొరికింది. ఎండబెట్టే వేడి తగినంత సేపు, తగినంత ఎక్కువగా లేకపోతే సూక్ష్మజీవులు చావవు; పైగా మాయలో కాడ్మియం వంటి లోహాలు కూడా పేరుకుంటాయి. ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2017లో ఈ ఉదంతాన్ని ప్రకటిస్తూ, ఇటువంటి క్యాప్సూళ్ళు వాడవద్దని చెప్పింది.

దిగులు భయం ఉంటే దానికి వేరే చికిత్స ఉన్నదనీ, కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడమనీ ఆమెకు చెప్పాను. ఇప్పటికే మింగుతున్నవారెవరైనా ఇది చదువుతుంటే, బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, క్యాప్సూళ్ళ సంగతి దాచకుండా, వీలైతే ఆ సీసాను కూడా డాక్టరుకు చూపించండి.