మండలం ఆఫీసు వాన, మా చేని వాన

2014 జనవరిలో మా ఎం.కాం. ఫైనలియర్ బ్యాచ్ అంతా ఇద్దరు సార్ల వెంట అనంతపురంలో కాచిగూడ ఎక్స్‌ప్రెస్ ఎక్కినాం. స్టడీ టూర్. గుత్తి, డోన్, కర్నూలు దాటినా ఎవరికీ నిద్ర రాలేదు.

మొదటి రోజు సైఫాబాదులో రిజర్వు బ్యాంకు. చూసినవన్నీ నోట్సులో రాసుకున్నాను. రెండో రోజు బషీర్‌బాగ్‌లో బీమా నియంత్రణ సంస్థ. దేశంలోని బీమా కంపెనీలన్నిటి మీద అజమాయిషీ చేసే ఆ ఆఫీసు 2001 నుంచి హైదరాబాదులోనే ఉందని నాకు అక్కడికి పోయేదాకా తెలియదు. ఆ మధ్యాహ్నం పంటల బీమా ప్రీమియం లెక్కలు కట్టే యాక్చువరీ ఒకాయన మాకు క్లాసు చెప్పినారు. నేను మర్చిపోలేనిది ఆ గంటన్నరే.

2003లో పాలమూరులో వేరుశనగ, ఆముదం రైతులకు వాన లెక్కన బీమా ఎట్లా మొదలైందో చెప్పి, బోర్డు మీద ఒక గీత గీసినారు. చేలో పంట ఎంత పోయిందని ఎవరూ వచ్చి చూడరు. వానమాపకంలో ఎంత పడిందన్నదే లెక్క. 2.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే అది వాన పడిన రోజు కిందికి రాదు. అట్లాంటి ఎండు రోజులు ఇన్ని వరసగా వస్తే ఇంత పరిహారం.

అప్పుడు నా కళ్ల ముందు మా నాయన పాసుబుక్కు కదిలింది. పంట రుణం ఇచ్చేటప్పుడే ప్రీమియం పట్టుకున్నారు. అది దేనికో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అంతకు ముందు ఏడాది చెనక్కాయ ఊడలు దిగే సమయంలో బెట్ట తగిలి చేను మాడిపోయింది. పక్క మండలంలో పరిహారం వచ్చింది, మాకు రాలేదు. నాయన అది తన తలరాత అనుకున్నాడు.

లేచి అడిగినాను. "సార్, వానమాపకం మండలం ఆఫీసులో ఉంటుంది. మా చేను ఏడు కిలోమీటర్ల అవతల. అక్కడ కురిసిన వాన మా చేన్లో పడలేదు. మరి మా నష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది?"

ఆయన మార్కర్ కింద పెట్టినారు. మాది ఏ నేల, విత్తనం ఎప్పుడు వేసినాం, బెట్ట ఎన్ని రోజులు అని అడిగి తెలుసుకున్నారు. తర్వాత అన్నారు: "నువ్వు చెప్పింది నిజం. ఇది ఈ పద్ధతిలో ఉన్న లోటే. బేసిస్ రిస్క్ అంటాం. ప్రతి చేనుకూ మనిషిని పంపితే ఖర్చు ప్రీమియాన్ని మించిపోతుంది, పరిహారం ఆలస్యమవుతుంది. వానమాపకాల సంఖ్య పెంచే కొద్దీ ఈ లోటు తగ్గుతుంది. వాటి ఖర్చు ఎవరు భరించాలన్నదే మేం తెగ్గొట్టలేకపోతున్న ప్రశ్న."

ఆ జవాబుకు నాకు కన్నీళ్లు వచ్చినాయి. రెండేళ్లు ఫైనాన్స్ చదివినా, రిస్క్ అంటే మా చేను అని నాకు తట్టలేదు. మా ఇంటి కష్టానికి ఒక పేరుందని, దాని గురించి ఆలోచించే మనుషులు ఉన్నారని ఆరోజే తెలిసింది.

ఇప్పుడు బ్యాంకులో పంట రుణాల సీటులో కూర్చుంటాను. 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్న రైతుకైనా కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమా తప్పనిసరి కాదు. అందుకే ఎదురుగా కూర్చున్న రైతుకు ఆ పథకం కింద ఏ పంటకు, ఎవరి లెక్కన పరిహారం వస్తుందో చెప్పనిదే సంతకం పెట్టించుకోను. వరుస పొడుగవుతుంది, పైవాళ్లు తొందరపెడతారు. అయినా చెప్తాను.

టూర్ నుంచి వచ్చిన వారానికే అంచులు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఒకటి మా మిద్దె మీద పెట్టినాను. ఎండాకాలం పోయి వానలు పడినప్పటి నుంచి స్కేలుతో కొలిచి అంకెను క్యాలెండర్‌లో తేదీ పక్కన రాసేది మా నాయన. మండలం లెక్కను ఫోనులో నేను చెప్తే దాన్ని కింద ఎర్ర పెన్నుతో వేసేవాడు. ఒకే తేదీ గడిలో పైన సున్నా, కింద ఎర్రటి అంకె ఉన్న రోజులు ఎన్నో. ఆ క్యాలెండర్లన్నీ మా ఇంట్లో మేకుకు ఒకదాని మీద ఒకటి వేలాడుతూనే ఉన్నాయి.