మైలేజీ లెక్కా, మన దారీ

విజయనగరంలో చిన్న కారు కొనదలచినవారు మొదట అడిగేది మైలేజీయే అయినా, మారుతి వ్యాగన్‌ఆర్‌లో సీఎన్‌జీ (సహజవాయువు) రకానికి ప్రకటించిన, కిలో గ్యాసుకు 34.05 కిలోమీటర్ల లెక్క ప్రయోగశాలలో రోలర్లపై నడిపి తేల్చినది కనుక, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా లారీల వెనుక గేర్లు మారుస్తూ వెళ్లేవారు అంత ఆశించకూడదు. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే ఇక చెప్పనక్కరలేదు. సీఎన్‌జీతో ఖర్చు తగ్గే మాట నిజమే గాని, సిలిండరు డిక్కీని ఆక్రమిస్తుంది. సంక్రాంతికి బియ్యం బస్తాతో, అరిసెల డబ్బాలతో ఊరి నుంచి తిరిగివచ్చే మా వంటి కుటుంబానికి అది చిన్న లోటు కాదు. అందుచేత, తిరుగుడు తక్కువైనవారికి మాన్యువల్ గేర్ల పెట్రోలు బండే మేలని నా అభిప్రాయం. అయితే పెట్రోలులో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాలులో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి, అది 20 శాతం కలిపిన పెట్రోలుతో మైలేజీ కొంత తగ్గుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.