గ్లైడ్ బెయిట్ నా పరువు తీసి, చివరికి దారికొచ్చింది

ఇవాళ గాలం వేస్తే, గ్లైడ్ బెయిట్ అనే కృత్రిమ ఎరకి మంచి బాస్ చేప పడింది. ఆ ఊపు తగ్గకముందే రాసేస్తున్నా.

ఈదే చిన్న చేపలా కనిపించే ఎరలే స్విమ్‌బెయిట్లు. వాటిలో తెడ్డు తోకుండే మెత్తటివి నన్నసలు ఇబ్బంది పెట్టలేదు. జిగ్‌హెడ్‌కి, అంటే తల దగ్గర సీసం ఉన్న కొక్కేనికి గుచ్చి, కొక్కెం సరిగ్గా వీపు మధ్యలోంచి బయటికొచ్చేలా చూసుకుని, విసిరి నింపాదిగా రీల్ చుట్టడమే, మిగతాది తోక చూసుకుంటుంది. కొక్కెం పక్కకి వచ్చిందా, ఎర పొర్లుతుంది. నాచులో అయితే పొట్టకింద సీసం ఉన్న హుక్ వేసి, మొన ప్లాస్టిక్‌లో దాచేయాలి. చేప టక్‌మని తాకగానే రాడ్ ఎత్తేయకండి, బరువు తెలిసేదాకా చుట్టుతూనే ఉండండి. చాలా కీళ్లుండే గట్టివీ తేలికే, చుట్టుకుంటూ పోతే పాములా మెలికలు తిరుగుతూ వస్తాయి.

గ్లైడ్ బెయిట్ అలా కాదు. రెండే ముక్కలు, మధ్యలో ఒకే కీలు, అటూ ఇటూ వెడల్పుగా జారుతుంది. పెద్ద చేప దాని వెనకే వచ్చేది. మూతి ఎర తోకకి జానెడు దూరంలో, రెక్కలు మెల్లగా కదుపుతూ నా కాళ్లదాకా వచ్చి, నన్నొకసారి చూసి, తీరిగ్గా తిరిగి వెళ్లిపోయేది. మళ్లీ విసిరితే మళ్లీ అదే తంతు! పక్కన గాలం వేసేవాళ్లు నవ్వుతుంటే ఎక్కడ లేని ఒళ్లుమంట. అడిగిన ప్రతివాడూ "రంగు మార్చు" అనేవాడే. ఎర అమ్మినాయన అయితే మరీ, ఇంకో మూడు రంగులు చూపించాడు. ఈయనే అంతకుముందు మూడు ఔన్సుల ఎరకి ఒక ఔన్సు బరువుకే సరిపోయే రాడ్ అంటగట్టబోయాడు. రాడ్ మీద రాసి ఉండే బరువు మీరే చదువుకోండి, అమ్మేవాళ్ల నోటిమాట నమ్మకండి.

అసలు కిటుకు రంగులో లేదు, రీల్ హ్యాండిల్‌లో ఉంది. ఆపకుండా చుట్టితే ఎర ఒకే లయలో వస్తుంది, చేప చూస్తూ వస్తుందే తప్ప కరవాల్సిన తొందరేం ఉండదు దానికి. హ్యాండిల్‌ని అర చుట్టు చప్పున తిప్పి వదిలేయాలి, లైన్ కాస్త వదులైతేనే ఎర పక్కకి జారుతుంది. వెనక చేప కనపడగానే మనకి టెన్షన్‌తో చేయి బిగుసుకుపోతుంది, ఆగిపోతాం. అప్పుడే గబగబా రెండు చుట్లు తిప్పి ఠక్కున ఆపాలి. ఎర గిర్రున వెనక్కి తిరిగి చేప ముఖంలోకి చూస్తుంది. ఇవాళ్టి చేప అక్కడే మింగింది, తెల్లటి నోరు తెరుచుకోవడం స్పష్టంగా కనిపించింది నాకు.

ఇంకోటి. డబ్బా మీద "స్లో సింకింగ్" అని రాస్తారు, ఎంత నెమ్మదో మాత్రం రాయరు. చల్లటి నీళ్లు కాస్త చిక్కన, అదే ఎర అక్కడ ఇంకా నెమ్మదిగా దిగుతుంది. ఒడ్డు దగ్గర నీళ్లలో వదిలి, ఎన్ని సెకన్లకి ఎంత దిగుతుందో లెక్కపెట్టుకుని, కావాలంటే పొట్టకి సీసపు స్టిక్కర్ అంటించుకోండి.

పొడుగు పట్టకారు మర్చిపోవద్దు. మూడు మొనల కొక్కేలు రెండుంటాయి, ఒకటి చేప నోట్లో ఉంటే రెండోది మీ వేలి కోసం కాచుకుని ఉంటుంది.