గులాబీ రంగు స్పిట్‌ఫైర్

ఆదివారం, రాత్రి 9:30

పొద్దున లేవగానే చేసిన మొదటి పని, బొమ్మ విమానం రెక్కలకు కట్టిన టేపు విప్పి చూడటం. రాత్రి జిగురు రాసి, రెండు రెక్కలూ కొంచెం పైకి లేచి ఉండేలా టేపు లాగి కట్టి పడుకున్నాను. చక్కగా పట్టుకున్నాయి. ముక్కు వైపు నుంచి కళ్ళు చికిలించి చూస్తే రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇక రోజంతా ఉత్సాహమే.

ఇది 1/72 స్కేలు స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానానికి ప్లాస్టిక్ నమూనా. అంటే ఆరడుగుల మనిషి ఇందులో సరిగ్గా అంగుళం ఉంటాడు. అసలు విమానం రెక్కల చివర నుంచి చివరకు 11.23 మీటర్లు, నా చేతిలో ఉన్నది 15.6 సెంటీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే రెక్కల అంచులు మాత్రం అటూ ఇటూ బయటికి వస్తాయి. నాకు ఈ సైజే ఇష్టం. పెద్ద కిట్లలో వివరాలు ఎక్కువ, నిజమే కానీ చేతిలో పట్టుకుని గాల్లో తిప్పాలనిపించేది దీన్నే.

కిట్‌తో వచ్చిన కాగితంలో మొదటి మెట్టు పైలట్ సీటు. నేను ఎప్పుడూ అక్కడ మొదలుపెట్టను. ముందు ఒళ్ళు రెండు సగాలూ కలపాలి, తర్వాత రెక్కలు. రెక్కలు పడేదాకా నా ముందు ఉన్నవి ముక్కలే, పడ్డాక అది విమానం. సీటును ఆ తర్వాత పైనున్న కంతలోంచి ట్వీజర్‌తో దించుతాను. అందుకోసం ఇవాళ సీటు అంచులు రెండు వైపులా కాస్త గీకాల్సి వచ్చింది. గీకాను, కూర్చుంది.

జిగురు అంటాం కానీ ఇది అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు అంచులకూ రాసి ఒత్తితే, కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్నటి గట్టులా పైకి వస్తుంది. దాన్ని అప్పుడే తుడిచేయాలని చెయ్యి లాగుతుంది. తుడవకూడదు. ఒక రోజు అలాగే వదిలేస్తే గట్టిపడుతుంది, అప్పుడు బ్లేడుతో చెక్కేసి ఉప్పుకాగితంతో రుద్దితే అతుకు ఎక్కడుందో వేలికి తెలియదు. వీపు మీద అతుకును ఇవాళ గంటసేపు రుద్దాను. పొట్ట కింద అతుకు జోలికి పోలేదు. అది నాకు కనిపించదు, నాకు కనిపించేదాని మీదే నా ఓపిక.

రెక్కల కొసలు రుద్దుతున్నప్పుడు మాత్రం తొందరపడను. స్పిట్‌ఫైర్ అందమంతా ఆ గుండ్రటి వంపులోనే ఉంది. రుద్దుడు కాస్త ఎక్కువైతే మొద్దుబారిపోతుంది. దీన్ని రూపొందించిన ఆర్.జె. మిచెల్ గుర్తొచ్చాడు. 1936 మార్చి 5న మొదటి నమూనా ఎగరడం చూశాడు. 1937 జూన్‌లో 42 ఏళ్ళకే పోయాడు. విమానాలు వైమానిక దళం స్క్వాడ్రన్‌కు చేరడం మొదలైంది 1938 ఆగస్టులో. ఆ లెక్క గుర్తొచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

మధ్యాహ్నం రంగు. డబ్బా మీద బొమ్మలో ఆకుపచ్చ, గోధుమ రంగు మచ్చలున్నాయి. అవి నేను ఇంతకుముందు రెండుసార్లు వేశాను. ఈసారి తెలుపులో ఎరుపు ఒక చుక్క, పసుపు అర చుక్క కలుపుతుంటే బాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“యుద్ధ విమానం గులాబీ రంగులో ఉంటుందా అమ్మా?”

“ఉండేది నాన్నా.”

నిజంగానే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫొటోలు తీయడానికి కెమెరాలు అమర్చిన స్పిట్‌ఫైర్లలో, మేఘాల కిందగా ఎగిరే కొన్నింటికి లేత గులాబీ రంగు వేశారు. తెల్లవారుజామునా సాయంత్రమూ మబ్బు మీద పడే వెలుగు ఆ ఛాయలోనే ఉంటుంది కాబట్టి, కింద నుంచి చూసేవాళ్ళకు విమానం మబ్బులో కలిసిపోయేది. బాగా ఎత్తున ఎగిరేవాటికి నీలం. ఇదంతా చెబితే వాడు డబ్బా మీది బొమ్మను ఒకసారి, నా ప్లేటులోని రంగును ఒకసారి చూసి, “ఇంకొంచెం ఎరుపు వెయ్యి” అన్నాడు. అసలు రంగు దాదాపు తెలుపే, గులాబీ ఉందా లేదా అన్నంత లేత. వాడు చెప్పినట్టే ఇంకో చుక్క వేశాను. మా కిటికీలోంచి సాయంత్రం కనిపించే మబ్బు ఈ రంగే, నాకు కావలసిందీ ఈ రంగే. రివెట్లతో సహా లెక్క తప్పకుండా చేసేవాళ్ళంటే నాకు గౌరవం, వాళ్ళు తీసిన వివరాల వల్లే నాకు ఈ కథ తెలిసింది. కానీ ఈ విమానం నాది.

మూడింటికి తోకచక్రం పోయింది. ట్వీజర్ కొనలోంచి టిక్కుమని ఎగిరింది, అంతే. టార్చిని నేలకు ఆనించి వెలిగిస్తే చిన్న ముక్కకైనా పొడుగు నీడ పడుతుంది, అలా గది మొత్తం వెతికాం ఇద్దరం. రెండు పాత ముక్కలు దొరికాయి కానీ ఇది దొరకలేదు. చివరికి ముక్కలు తీసేశాక మిగిలిన చట్రం పుల్ల నుంచి ఒక బిళ్ళ కోసి, అంచు గుండ్రంగా రుద్ది పెట్టాను. అదే ప్లాస్టిక్ కాబట్టి బాగా పట్టింది.

రంగు ఆరాక, సాయంత్రం విమానం రేడియో తీగ పని. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చట్రం పుల్లను కొవ్వొత్తి మంటకు కొంచెం పైన పట్టుకుని వేళ్ళతో తిప్పుతూ ఉండాలి. ముందు మెరుపు వస్తుంది, తర్వాత మధ్యలో మెత్తబడి కిందికి వాలుతుంది. ఆ క్షణంలో మంట నుంచి తీసేసి, ఒక్క ఊపిరి ఆగి, రెండు చేతులూ దూరంగా లాగాలి. మెల్లగా లాగితే లావు, జోరుగా లాగితే వెంట్రుక. మొదటిది తెగింది. రెండోది మూరెడు పొడవు వచ్చింది, వెలుగుకు అడ్డం పెడితే తప్ప కనిపించనంత సన్నం. దాన్ని కాక్‌పిట్ వెనక కర్ర నుంచి తోక కొసకు కట్టాను. కాస్త వేలాడింది. వెలిగించిన అగరుబత్తి కొనను తగలకుండా దగ్గరికి తెస్తే, తీగ దానంతట అదే బిగుసుకుంది. బాబు ఊపిరి బిగబట్టి చూశాడు.

తర్వాత వాడు విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసుకుని మబ్బుకు అడ్డంగా పెట్టాడు. “కనిపిస్తోందమ్మా ఇంకా” అన్నాడు. ఇంకా కాసేపు అలాగే పట్టుకోమన్నాను. వెలుతురు తగ్గుతోంది. తీగ ముందు మాయమైంది, తర్వాత రెక్క కొసలు.