థ్యాంక్స్‌గివింగ్ ఆన్‌కాల్

డాలస్‌లో మా ఆఫీసులో ఎవరూ రాయని ఒప్పందం ఒకటుంది. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. అమెరికన్ సహోద్యోగులు అమ్మానాన్నల దగ్గరికి వెళ్తారు, ఆ నాలుగు రోజుల ఆన్‌కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా ఫోన్ తీసి సరిచేసే బాధ్యత) మన తెలుగువాళ్లం తీసుకుంటాం. దీపావళికి, సంక్రాంతికి వాళ్లు మా వంతు చూస్తారు. మేం పనిచేసేది ఆన్‌లైన్ అమ్మకాల సాఫ్ట్‌వేర్ మీద. ఏడాదిలో ఆర్డర్లు ముంచెత్తేది సరిగ్గా ఆ నాలుగు రోజులే.

అందులో ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్నే సర్వీస్ అంటాం. పాత డిజైన్‌లో ఆర్డర్ సర్వీస్ ముందు స్టాక్ సర్వీసును అడిగి ఆగేది, తర్వాత పేమెంటును అడిగి ఆగేది, ఆపైన గోడౌన్, ఇన్‌వాయిస్, ఈమెయిల్. ఒక్కొక్కటీ 99.9 శాతం సమయం పనిచేసినా ఐదూ ఒకేసారి బాగుండేది 99.5 శాతమే. అంటే ఒక్కోదానికి నెలకు 43 నిమిషాలుండే అంతరాయం, ఐదూ కలిస్తే మూడున్నర గంటలు దాటుతుంది. పూర్తిగా పడిపోయిన సర్వీసుతో అంత భయం లేదు, వెంటనే తెలిసిపోతుంది. నెమ్మదించిన సర్వీసే ప్రాణం తీస్తుంది. ఈమెయిల్ వైపు జవాబు ఆలస్యమైతే దానికోసం కాచుకుని ఆర్డర్ సర్వీస్ థ్రెడ్లన్నీ (ఒకేసారి పలు ఆర్డర్లు చూసే దాని చేతులు) నిండిపోతాయి. రసీదు పంపలేక అమ్మకమే ఆగిపోవడం ఎంత అన్యాయం!

అందుకే స్టాక్, కార్డు అనుమతి మాత్రం నేరుగా అడిగే వెబ్ సర్వీసులుగానే ఉంచాం. కొనేవాళ్లు స్క్రీన్ ముందు ఎదురుచూస్తుంటారు కదా. మిగతా మూటికీ ఆర్డర్ సర్వీస్ ఒక మెసేజ్ క్యూలో, అంటే వరుసలో, పెట్టేసి ముందుకెళ్తుంది; అవి దాన్ని తీసుకుని తమ వీలునుబట్టి పని చేసుకుంటాయి. అన్నీ క్యూలోకి తోసేయాలనే ఉత్సాహం ఈమధ్య ఎక్కువైంది, నాకది నచ్చదు.

క్యూ వచ్చాక అసలు కష్టం వేరే. మేం వాడే అమెజాన్ క్లౌడ్ క్యూ సేవ ఎస్‌క్యూఎస్ మామూలు క్యూలో ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. సర్వీస్ కాపీల్లో ఒకటి తీసుకున్న మెసేజ్, మనం గడువు మార్చకపోతే, 30 సెకన్లే మిగతావాటికి కనబడకుండా ఉంటుంది. గోడౌన్ పని 40 సెకన్లు పట్టిందంటే అదే ఆర్డర్ ఇంకో కాపీ చేతికి వెళ్తుంది, రెండు పార్సిళ్లు బయల్దేరతాయి. అందుకని గోడౌన్ డేటాబేస్‌లో ఆర్డర్ నంబర్ ఒక్కసారే పడేలా కట్టడి పెట్టాం. పార్సిల్ నమోదు, ఆ నంబర్ రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ, లేకపోతే ఏదీ లేదు) జరుగుతాయి. రెండోసారి వస్తే నంబర్ చూసి వదిలేస్తుంది.

ఎన్నిసార్లు ప్రయత్నించినా పూర్తికాని మెసేజ్‌లు డెడ్ లెటర్ క్యూ అనే విడి క్యూలో చేరతాయి. ఎస్‌క్యూఎస్ వాటిని మామూలుగా 4 రోజులే దాస్తుంది, ఆ లెక్క కూడా మొదట పంపిన క్షణం నుంచే. గురువారం రాత్రి చిక్కుకున్న ఆర్డర్, ఎవరూ చూడకపోతే సోమవారం రాత్రికి మాయం! గడువును గరిష్ఠంగా 14 రోజులకు పెంచాం. కానీ గడువు పెంచితే సరిపోదు, చూసే మనిషి కావాలి.

ఆ మనుషులు హైదరాబాద్ టీమ్‌లో ఉన్నారు. నవంబరులో మాకూ వాళ్లకూ పదకొండున్నర గంటల తేడా. మాకు గురువారం రాత్రి పదిన్నర అయితే వాళ్లకు శుక్రవారం ఉదయం పది, మామూలు పనిరోజు. కానీ వాళ్లకు చూసే వీలే తప్ప, సరిచేసి తిరిగి క్యూలోకి పంపే అధికారం లేదు. “నిజమైన ఆర్డర్లు నడిచే ప్రొడక్షన్ మీద ఇండియా టీమ్‌కు హక్కెందుకు?” అన్నారు పైవాళ్లు. కోడ్ రాసింది వాళ్లే, ఆ వేళకు మెలకువగా ఉండేదీ వాళ్లే అని మీటింగ్ తర్వాత మీటింగ్‌లో వాదించాం. చివరికి ఇచ్చారు. ఇప్పుడు అర్ధరాత్రి అలర్ట్ వస్తే మొదట మోగేది హైదరాబాద్ ఫోన్లు, పది నిమిషాల్లో ఎవరూ తీయకపోతేనే మావి.