కోడ్ చెరపడానికి ముందు చదవాలి

నెల్లూరు, ఒంగోలు మధ్య హైవే వెంట ఉన్న కారు షెడ్లలో బండి కంప్యూటర్‌ను చదివే, చేతిలో ఇమిడే స్కానర్ ఇప్పుడు సాధారణమైపోయింది. అయితే చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని బండి తీసుకువెళితే, చాలాచోట్ల ఆ స్కానర్‌తో మొదట చేసే పని కోడ్‌ను, అంటే లోపమేమిటో తెలిపేందుకు ఆ కంప్యూటర్ నమోదు చేసుకున్న గుర్తును, చెరిపివేయడమే. లైటు ఆరుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. ఈ అలవాటు వల్ల బండి యజమానికి ఎంత నష్టమో వివరంగా చెప్పవలసిన అవసరం ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెన్సార్ల నుంచి వచ్చే విలువలను నిరంతరం సరిచూసుకుంటూ ఉంటుంది. ఉదాహరణకు, ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకపోతే క్రాంక్‌షాఫ్ట్ వేగం ఆ క్షణంలో లేశమాత్రంగా తగ్గుతుంది. ఆ చిన్న తేడానుబట్టే మిస్‌ఫైర్ అయిన సిలిండర్ ఏదో అది గుర్తిస్తుంది. మొదటిది అయితే పీ0301 అనే కోడ్, రెండవది అయితే పీ0302. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి, ఎందుకంటే మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, అక్కడ మండి, దానిని పాడుచేస్తుంది. అది ఖరీదైన భాగం.

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి స్కానర్ తగిలించడానికి ఒకే ఆకారంలో 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో బండి తన లోపాలను ఇలా తానే గుర్తించాలనే ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి కార్లకు అమలులోకి వచ్చింది. సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద ఉంటుంది.

చాలా లోపాలకు లైటు మొదటిసారే వెలగదు. వరుసగా రెండు ప్రయాణాలలో అదే లోపం కనబడితేనే వెలుగుతుంది. అంతకంటే విలువైన సంగతి, కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతున్నది, ఎంత వేడిగా ఉన్నది, ఎంత బరువు లాగుతున్నది అనే వివరాలను కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా భద్రపరచడం. కోడ్ చెరిపితే ఈ ఆధారం కూడా పోతుంది, కంప్యూటర్ తన పరీక్షలన్నింటినీ మళ్లీ మొదటినుంచి చేసుకోవలసి వస్తుంది.

కోడ్ చదివినవారు సైతం పొరపడే చోటు ఒకటుంది. పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. ఆ సంగతి చెప్పింది పొగలోని ఆక్సిజన్‌ను గమనించే ఆక్సిజన్ సెన్సారే కాబట్టి దానినే మార్చేస్తారు. ఇది కబురు తెచ్చినవాడిని శిక్షించడమే. అసలు కారణం పగిలిన గాలి గొట్టం కావచ్చు, బలహీనపడిన పెట్రోలు పంపు కావచ్చు, చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండి అయితే గాలి కొలిచే సెన్సార్‌కు పట్టిన దుమ్ము కూడా కావచ్చు. గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్న బండ్లలో స్కానర్ తెరపై ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి లేదా తగ్గించి సరిచేస్తున్నదో తెలిపే అంకె, చూడాలి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేసినప్పుడు తగ్గితే గాలి లీకును అనుమానించాలి. లోడు పెరిగేకొద్దీ పెరిగితే పెట్రోలు సరఫరాను పరీక్షించాలి.

అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లకు మరొక చిక్కు ఉంది. ఉప్పుగాలికి, సెన్సార్‌ను వైరుకు కలిపే కప్లర్ పిన్నులు చిలుము పట్టి, సెన్సార్ బాగానే ఉన్నా విలువ తప్పుగా వెళుతుంది. అందువల్ల కొత్త సెన్సార్ కొనడానికి ముందు కప్లర్ విప్పి, పిన్నులు శుభ్రపరచి చూడాలి.

షెడ్డుకు వెళ్లినప్పుడు కోడ్‌ను, ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫోటో తీసుకున్న తరువాతే చెరపమని కోరండి. బ్లూటూత్ అడాప్టర్ కొనుక్కుంటే ఫోనులోనే ఇవన్నీ చదువుకోవచ్చు, కానీ చవక అడాప్టర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్లే కనిపిస్తాయి; ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లకు తరచుగా ఆ కంపెనీ బండ్లకు సరిపడే స్కానర్ కావాలి. సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది కనుక, బండిని రోజుల తరబడి నిలిపి ఉంచేటప్పుడు అడాప్టర్‌ను తీసివేయడం మరచిపోకండి.